క్రూయిజ్‌కి చిన్న కెమెరా: జూమ్ చూడాలా, సెన్సర్ చూడాలా? బుర్ర వేడెక్కిపోయింది

కిటికీసీటు
రెండు నెలల్లో ఏడు రాత్రుల క్రూయిజ్ ఉంది. నేను, మావారు, ఏడేళ్ళ బాబు, మా అమ్మానాన్న. పోయినసారి ఫోన్లతోనే వెళ్ళాం. డాల్ఫిన్లు వచ్చాయని డెక్ మీద ఒకటే కేకలు, నేనూ పరిగెత్తి పదిహేడు ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే పదిహేడింటిలోనూ నీళ్ళే, ఒక్కోదాంట్లో ఒక నల్ల చుక్క. అది డాల్ఫినో, లెన్సు మీద దుమ్మో ఇప్పటికీ తేలలేదు. రాత్రి భోజనాల హాల్లో తీసినవైతే అందరి మొహాలూ మైనపు బొమ్మల్లా ఉన్నాయి.

అందుకని ఈసారి ఒక కాంపాక్ట్ డిజిటల్ కెమెరా కొందామని. లెన్సులు మార్చే పెద్ద కెమెరా నా వల్ల కాదు, మెడ నొప్పి. హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టాలి, దూరంగా ఉన్నవి దగ్గరికి రావాలి, రాత్రిపూట మొహాలు బాగా రావాలి, ఒకరోజు స్నార్కెలింగ్ ఉంది కాబట్టి నీళ్ళలో పాడవకూడదు, మా నాన్న కూడా వాడగలగాలి. నెల రోజులుగా రివ్యూలు చదువుతున్నా, చదివినకొద్దీ అయోమయం. ఒక్క పేరు చెప్పండి, కొనేస్తాను.

మసకబొమ్మ
ఇన్ని గుణాలున్న సంబంధం పెళ్ళిళ్ళ పేరయ్య కూడా తేలేడండీ.

ఫోన్‌చాలు
మళ్ళీ మొదలు. ఇప్పుడు కాస్త మంచి ఫోన్లలో దూరంవి దగ్గరికి తెచ్చే 3 రెట్లు, 5 రెట్లు టెలి లెన్సు విడిగా ఉంటోంది. నైట్ మోడ్ ఉంది. ఆ డబ్బేదో ఫోన్ మీద పెట్టండి, ఏడాదంతా పనికొస్తుంది. 2010లో ప్రపంచం మొత్తం మీద 10 కోట్లకు పైగా కాంపాక్ట్ కెమెరాలు ఫ్యాక్టరీల నుంచి బయటికి వెళ్ళాయి. 2023 నాటికి ఏడాదికి 20 లక్షలు కూడా లేవు. మానేసిన జనమంతా పిచ్చివాళ్ళా?

జేబునిండా
పిచ్చివాళ్ళు కాదు, పెళ్ళి భోజనం ఫోటోలకి ఫోన్ చాలు కాబట్టి మానేశారు. ఆవిడ అడిగింది కదిలే ఓడ మీద నుంచి కదిలే జంతువు గురించి. నైట్ మోడ్ వరసగా తీసిన కొన్ని ఫ్రేములు కలిపి ఒక ఫోటో చేస్తుంది. ఏడేళ్ళ పిల్లాడు అవన్నీ తీసేదాకా కదలకుండా కూర్చుంటాడా? పైగా చీకట్లో వచ్చే మచ్చల్ని ఫోన్ నున్నగా తుడిచేస్తుంది, ఆ మైనం మొహాలు అక్కడి నుంచే వస్తాయి.

నా ఓటు 1 అంగుళం సెన్సర్‌కి, అంటే కెమెరా లోపల బొమ్మ పడే పలకకి. సైజు 13.2 × 8.8 మిల్లీమీటర్లు. ఎక్కువ జూమ్ అని ఊదరగొట్టే చిన్న కెమెరాల్లో ఉండేది 1/2.3 అంగుళాల సెన్సర్, దాదాపు 6.2 × 4.6. విస్తీర్ణంలో నాలుగు రెట్ల తేడా. సాయంత్రం ఆరు దాటాక ఆ తేడా కళ్ళకి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. సోనీ ఆర్‌ఎక్స్100 వరుసలో ఏదో ఒకటి, లేదా కానన్ జీ7ఎక్స్ మార్క్ 3. కళ్ళు మూసుకుని కొనండి.

మసకబొమ్మ
13.2 మిల్లీమీటర్లని 1 అంగుళం అనడం ఏ ఊరి లెక్క గురూ? స్కేలు పెట్టి చూస్తే మూల నుంచి మూలకి కూడా 16 దాటదు.

పాతరీలు36
అది పాత టీవీ కెమెరాల్లోని గాజు గొట్టాల లెక్క నాయనా. గొట్టం బయటి వ్యాసం ఒక అంగుళం ఉంటే లోపల బొమ్మ పడే చోటు అంతకంటే బాగా చిన్నది. గొట్టాలు పోయాయి, కొలత పేరు మాత్రం మిగిలింది. అంగుళం అంటే పెద్దగా వినిపిస్తుందిగా, కంపెనీలకీ అభ్యంతరం లేదు.

లెక్కలపంతులు
కిటికీసీటు గారి నల్ల చుక్క సంగతి తేల్చేద్దాం.

డాల్ఫిన్ పొడవు రెండున్నర మీటర్లు, దూరం 200 మీటర్లు అనుకోండి. లెన్సు ఎంఎం అంకె ఎంత పెరిగితే దూరంవి అంత దగ్గరికి వస్తాయి. ఫోన్‌లో మామూలు కెమెరా ఇంచుమించు 24 ఎంఎం. దాంతో తీస్తే ఫోటోలో ఈ అంచు నుంచి ఆ అంచుకి 300 మీటర్ల సముద్రం పడుతుంది. డాల్ఫిన్ అందులో 120వ వంతు. చుక్కే. 200 ఎంఎం జూమ్‌తో 36 మీటర్లు పడుతుంది, డాల్ఫిన్ 14వ వంతు. 360 ఎంఎంకి 20 మీటర్లు, 8వ వంతు. 960 ఎంఎంకి ఏడున్నర మీటర్లు, అంటే ఫ్రేములో మూడో వంతు డాల్ఫినే.

జేబునిండా గారు చెప్పిన జీ7ఎక్స్ మార్క్ 3 జూమ్ 100 ఎంఎం దగ్గర ఆగిపోతుంది. డాల్ఫిన్ 29వ వంతు. చుక్క కాస్తా చీమ అవుతుంది, అంతే. కళ్ళు మూసుకుని కొంటే కళ్ళు మూసుకునే చూడాలి.

కిటికీసీటు
పంతులు గారూ, మొదటిసారి ఎవరో నాకు ఎంఎం అంటే ఏమిటో అర్థమయ్యేలా చెప్పారు. మరి 960 ఎంఎం ఉన్న చిన్న కెమెరా ఉందా? ఉంటే ఇంకేం ఆలోచన?

లెక్కలపంతులు
ఉంది. కానన్ ఎస్‌ఎక్స్740, 40 రెట్ల జూమ్, 24 నుంచి 960 వరకు. బరువు 300 గ్రాముల లోపే. సెన్సర్ మాత్రం ఆ చిన్నదే.

ఉప్పుగాలి
ఆగండాగండి. తొమ్మిది క్రూయిజ్‌లు చేశాను, అందులో మూడు ఇలాంటి భారీ జూమ్ కెమెరాతోనే. లెక్క తప్పు కాదు, కాని పంతులు గారు ఓడని కదలకుండా నిలబెట్టేశారు.

పూర్తి జూమ్‌లో ఏడున్నర మీటర్ల కిటికీలోంచి సముద్రాన్ని వెతకడం అంటే గడ్డివాములో సూది. ఓడ ఊగుతోంది, కింద ఇంజను అదురు, మీద గాలి. డాల్ఫిన్ పైకి లేచి మునిగేది ఒక్క క్షణం. స్క్రీన్‌లో అది దొరికేలోపు అది ఇంకెక్కడో తేలుతుంది. పైగా ఎస్‌ఎక్స్740కి వ్యూఫైండర్, అంటే కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ, లేదు. మిట్టమధ్యాహ్నం డెక్ మీద ఎండకి స్క్రీన్ అద్దంలా మెరుస్తుంది, అందులో మీ మొహం కనిపిస్తుంది తప్ప సముద్రం కనిపించదు. చేతులు ముందుకు చాపి పట్టుకుంటే ఊపు ఇంకా ఎక్కువ.

ఇంకోటి. పూర్తి జూమ్‌లో ఆ లెన్సు ఎఫ్6.9. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది. సూర్యుడు కాస్త వాలితే షట్టర్ స్పీడ్ పడిపోయి బొమ్మ అలుక్కుపోతుంది, లేదా ఐఎస్ఓ, అంటే అందిన వెలుతురుని పెంచి చూపే అంకె, పైకెక్కి ఫోటో నిండా ఇసక చల్లినట్టవుతుంది. నా అనుభవంలో చిన్న కెమెరాలో చేతిలో పట్టుకుని తీయగలిగే హద్దు 300, 400 ఎంఎం దాకానే.

తడిచినచెప్పులు
అందరూ డాల్ఫిన్ వెంట పడ్డారు, స్నార్కెలింగ్ మర్చిపోయారు. ఒలింపస్ టీజీ-6, లేదా దాని తర్వాత 2023లో వచ్చిన ఓఎం సిస్టమ్ టీజీ-7. 15 మీటర్ల లోతు దాకా ఏ కవరూ అక్కర్లేదు. 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడ్డా తట్టుకునేలా చేశారు. మంచులో మైనస్ 10 డిగ్రీల దాకా పనిచేస్తుంది. ఏడేళ్ళ పిల్లాడి చేతికి ధైర్యంగా ఇవ్వొచ్చు. మా ఇంట్లో ఒకటి మెట్ల మీద నుంచి రెండుసార్లు దొర్లింది, కుక్క ఒకసారి కొరికింది, ఇంకా తీస్తోంది.

జేబునిండా
రాత్రి భోజనాల హాల్లో తీసి చూపించండి అది.

తడిచినచెప్పులు
వైడ్‌లో, అంటే జూమ్ చేయనప్పుడు, ఎఫ్2 ఉంది. మరీ తీసిపారేయకండి.

జేబునిండా
ఎఫ్2 ఉంది, దాని వెనక సెన్సర్ ఆ బుల్లిదే. కిటికీ పెద్దది, గది అగ్గిపెట్టె.

మసకబొమ్మ
కుక్క పళ్ళ గుర్తులు వారంటీలోకి వస్తాయా?

ఫోన్‌చాలు
నా ఫోన్ ఐపీ68, అంటే నీళ్ళు తట్టుకునే రేటింగు ఉన్నది. స్నార్కెలింగ్‌కి అది కూడా చాలు. మళ్ళీ అదే చెబుతున్నా.

ఉప్పుగాలి
ఫోన్‌చాలు గారూ, ఇది మాత్రం చెప్పకండి, ఎవరైనా నమ్మితే ఫోన్ పోతుంది. ఐపీ68 పరీక్ష చేసేది మంచినీళ్ళలో, కదలని నీళ్ళలో. ఉప్పునీటి గురించి అది ఏ మాటా ఇవ్వదు. ఛార్జింగ్ రంధ్రంలో ఉప్పు చేరితే తుప్పే. మా తమ్ముడి ఫోన్ సరిగ్గా ఇలాగే పోయింది, నీళ్ళలో పాడైన దానికి వారంటీ లేదని రిపేరు వాళ్ళు చేతులెత్తేశారు.

ఫోన్‌చాలు
సరే, ఆ ఒక్కటీ వెనక్కి తీసుకుంటున్నా. మిగతాది తీసుకోను.

పాతరీలు36
మీ గొడవ చూస్తుంటే 1975 గుర్తొస్తోంది. స్టీవ్ సాసన్ అని కొడాక్‌లో ఇంజినీరు, మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. మూడున్నర కిలోల బరువు, ఫోటో 0.01 మెగాపిక్సెల్, అదీ నలుపు తెలుపు. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదకి ఎక్కడానికి 23 సెకన్లు. దానితో డాల్ఫిన్‌ని తీయాలంటే ముందు డాల్ఫిన్‌తో మాట్లాడుకోవాలి.

కిటికీసీటు
😂 బాబాయ్ గారూ, మీరు అలా చెబుతూ ఉండండి. మిగతావాళ్ళు కాస్త తేల్చండి. జూమ్ కావాలంటే రాత్రి పోతుంది, రాత్రి కావాలంటే జూమ్ పోతుంది, రెండూ కావాలంటే నీళ్ళు పోతాయి. ఇంతేనా?

జేబునిండా
అంతే. మధ్యేమార్గం రెండు ఉన్నాయి, ఒప్పుకుంటున్నాను. 1 అంగుళం సెన్సరే ఉండి జూమ్ కూడా కాస్త ఉన్నవి. ఒకటి సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7, 2019లో వచ్చింది, 24 నుంచి 200 ఎంఎం. రెండోది పానసోనిక్ టీజెడ్200, 2018, 24 నుంచి 360 ఎంఎం. కొన్ని దేశాల్లో దాన్నే జెడ్‌ఎస్200 అంటారు, రెండు వేర్వేరు కెమెరాలనుకుని కంగారు పడకండి. సోనీ ఫోకస్ పట్టడంలో చురుకు, వరసగా సెకనుకి 20 ఫోటోలు తీస్తుంది. పానసోనిక్‌కి జూమ్ ఎక్కువ, లెన్సు కొంచెం చీకటి, ఎఫ్3.3 నుంచి మొదలు.

జీ7ఎక్స్ వైడ్‌లో ఎఫ్1.8. అంటే టీజెడ్200 కంటే మూడు రెట్లకు పైగా వెలుతురు లోపలికి వస్తుంది. హాల్లో ఫోటోలే మీకు ముఖ్యమైతే నా మాట మారదు.

లెక్కలపంతులు
పోయిన ట్రిప్‌లో హాల్లో ఎన్ని తీశారు, డెక్ మీద ఎన్ని తీశారు, ఆ లెక్క చూడండి. ఫోన్‌లో అన్నీ ఉంటాయిగా. కొనబోయే కెమెరా గురించి నెల రోజులు చదివారు, తీసిన ఫోటోలు ఒక గంట చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

కిటికీసీటు
ఇప్పుడే కూర్చుని లెక్కపెట్టాను. మొత్తం 1,140. భోజనాల హాల్లో, షోలలో కలిపి 160. డెక్, బాల్కనీ, రేవులు దాదాపు 700. మిగతావి మా బాబు క్యాబిన్‌లో టవల్‌తో చేసిన ఏనుగుని అన్ని వైపుల నుంచి తీసినవి.

మసకబొమ్మ
ఆ ఏనుగుకి బాగా దగ్గర నుంచి తీసే మ్యాక్రో లెన్సు కావాలి. మళ్ళీ మొదటి నుంచి చర్చిద్దాం.

రేవుదాకా
చాలా రోజులుగా చదవడమే తప్ప ఇక్కడ రాయను. ఒక్కటి ఎవరూ అడగలేదు కాబట్టి అడుగుతున్నా. మీ నాన్నగారికి చత్వారం ఉందా? కళ్ళజోడు పెట్టుకుంటేనే దగ్గరివి కనిపిస్తాయా?

కిటికీసీటు
ఉందండీ. ఫోన్ చూడాలంటే జోడు కావాలి. దూరం బాగానే కనిపిస్తుంది. ఎందుకు?

రేవుదాకా
మా అమ్మని తీసుకెళ్ళినప్పుడు ఇదే జరిగింది. మంచి కెమెరా, స్క్రీన్ కూడా పెద్దదే. కాని ప్రతి ఫోటోకి ఆవిడ జోడు వెతుక్కోవాలి, పెట్టుకుని స్క్రీన్ చూస్తే దూరంగా ఉన్న కొండ మసక, తీసి కొండ చూస్తే స్క్రీన్ మసక. రెండో రోజుకే "నువ్వే తియ్యమ్మా" అని నా చేతికి ఇచ్చేసింది. ట్రిప్ మొత్తం మీద ఆవిడ తీసినవి ఆరు.

తర్వాత వ్యూఫైండర్ ఉన్నది కొన్నాను. దాని పక్కన డయాప్టర్ అని చిన్న చక్రమో మీటో ఉంటుంది, అది తిప్పి వాళ్ళ కంటికి సరిపోయేలా పెడితే జోడు లేకుండానే అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. ఎండ గోల కూడా ఉండదు. కెమెరా నుదుటికి ఆనుతుంది కాబట్టి చేతి వణుకూ తగ్గుతుంది. జీ7ఎక్స్‌కి వ్యూఫైండర్ లేదు, ఎస్‌ఎక్స్740కి లేదు, టీజీలకి లేదు. ఆర్‌ఎక్స్100 మార్క్ 7కి ఉంది, మీట నొక్కితే పైకి లేస్తుంది. టీజెడ్200కి ఎప్పుడూ బయటే ఉంటుంది, కన్ను పెడితే చాలు.

ఉప్పుగాలి
చాలా మంచి మాట. ఇంత పెద్ద చర్చలో మేమంతా డాల్ఫిన్ కళ్ళు చూశాం గాని ఆయన కళ్ళు చూడలేదు.

జేబునిండా
నిజమే, నాకు తట్టలేదు. నాకింకా చత్వారం రాలేదు మరి.

పాతరీలు36
వస్తుంది, తొందరపడకు.

ఫోన్‌చాలు
ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు...

మోడరేటర్
ఫోన్‌చాలు గారూ, ఫోన్లకి వేరే విభాగం ఉంది. ఇక్కడ కెమెరా అడిగారు. ఇద్దరి మధ్య నడిచిన మూడు పోస్టులు తీసేశాను, తడిచినచెప్పులు గారికి కూడా వర్తిస్తుంది.

కిటికీసీటు
స్నార్కెలింగ్ మాటేమిటి మరి? ఒకరోజే, అదీ రెండు గంటలు.

ఉప్పుగాలి
రెండు గంటల కోసం ఏడు రోజుల కెమెరాని ఎంచుకోవద్దు. ఎవరి దగ్గరన్నా వాటర్‌ప్రూఫ్‌ది అడిగి తీసుకోండి, లేదా అద్దెకి. పాత ఫోన్ ఉంటే మంచి పౌచ్‌లో పెట్టి, ముందు ఇంట్లో బకెట్ నీళ్ళలో టిష్యూ కాగితం పెట్టి ముంచి చూడండి. కాగితం తడవకపోతేనే ఫోన్ పెట్టాలి.

తడిచినచెప్పులు
అద్దెకి టీజీ తీసుకుంటే రెండు సంగతులు. అది తేలదు, రాయిలా మునుగుతుంది. మణికట్టుకి తేలే పట్టీ, అదీ కొట్టొచ్చినట్టు కనిపించే రంగుది, తప్పనిసరి. రెండు, బ్యాటరీ మూత రబ్బరు మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసక రేణువు ఉన్నా నీళ్ళు లోపలికి వెళ్తాయి. మూత పడవలో తెరవొద్దు. బయటికి వచ్చాక మూత వేసే ఉంచి మంచినీళ్ళలో కాసేపు నానబెట్టి, ఆరాక తెరవండి. లోతుకి వెళ్ళేకొద్దీ ఎరుపు రంగు మాయమై అంతా నీలంగా వస్తుంది, అండర్‌వాటర్ మోడ్ పెట్టుకోండి.

జేబునిండా
ఓడ మీద వాడేదాని గురించి కూడా ఎవరైనా చెప్పండి. ముఖ్యంగా ఆవిరి.

ఉప్పుగాలి
ఆవిరి సంగతి నా దగ్గర పుస్తకం అంత ఉంది. మొదటి ట్రిప్‌లో తెల్లారుజామున రేవులోకి వస్తుంటే చక్కటి వెలుగు. ఏసీ క్యాబిన్‌లోంచి కెమెరా పట్టుకుని బాల్కనీలోకి దూకాను. లెన్సు మీద పొగమంచు. తుడిచాను, మళ్ళీ వచ్చింది. అది ఆరేసరికి ఓడ కట్టేశారు. చల్లటి గాజు, బయట తేమ గాలి, ఇంకేం అవుతుంది. ఇప్పుడు లేచిన వెంటనే కెమెరాని జిప్‌లాక్ కవర్లో పెట్టి మూసి బాల్కనీలో ఉంచుతాను. ఇరవై నిమిషాలు, అరగంటలో వేడెక్కుతుంది. తేమ కవర్ మీద పడుతుంది, లెన్సు మీద కాదు. ఈలోపు కాఫీ తాగొచ్చు.

ఉప్పు తుంపర ఇంకో శత్రువు. కంటికి కనిపించదు, రాత్రి లెన్సు తుడిస్తే జిగురుగా తగులుతుంది. ముందు ఊది, తర్వాత కొంచెం తడిపిన మెత్తటి గుడ్డతో ఒళ్ళంతా, ఆపైన పొడి గుడ్డ. లెన్సు లోపలికి వెళ్ళే కెమెరాలకి ఇసక చావుదెబ్బ. బీచ్‌లో తువ్వాలు దులిపినప్పుడు నాది ఒకటి పోయింది, సగం బయటికొచ్చి "లెన్స్ ఎర్రర్" అంటూ అలాగే ఉండిపోయింది. ఏ కంపెనీదో చెప్పను, తప్పు తువ్వాలుది.

సగంబ్యాటరీ
పేరుకి తగ్గట్టు బ్యాటరీ గురించి చెబుతా. ఆర్‌ఎక్స్100 మార్క్ 7కి కంపెనీ చెప్పే లెక్క ఒక ఛార్జికి 260 ఫోటోలు. టీజెడ్200కి 370. రేవులో రోజంతా తిరిగితే ఒకటి చాలదు, ఇంకోటి కొనండి. విమానం ఎక్కేటప్పుడు విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో కుదరదు. ఓడ ఎక్కేటప్పుడు కూడా కెమెరా చేతిలోనే. పెద్ద పెట్టెలు రేవులో ఇచ్చేస్తే క్యాబిన్‌కి రావడానికి గంటలు పడుతుంది, ఓడ బయల్దేరే ఫోటోలు పోతాయి.

క్యాబిన్‌లో ప్లగ్ పాయింట్లు తక్కువ. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు చాలా ఓడల్లో తీసేసుకుంటారు. మీ కంపెనీ నిషేధాల జాబితా ముందే చూసుకోండి. నాలుగైదు యూఎస్‌బీ పోర్టులున్న ఛార్జర్ ఒకటి పెట్టుకుంటే కెమెరాలు, ఫోన్లు అన్నీ దానికే. ఈ రెండు కెమెరాలూ యూఎస్‌బీతోనే ఛార్జ్ అవుతాయి, కాని పాత మైక్రో యూఎస్‌బీ వైరు, అది మర్చిపోవద్దు.

లెక్కలపంతులు
4కె వీడియో తీస్తే నిమిషానికి 750 ఎంబీ, గంటకి 45 జీబీ. 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు. ఓడలో వైఫై మీద ఆశ పెట్టుకుని క్లౌడ్‌లోకి ఎక్కిద్దామనుకోవద్దు. రెండు మూడు కార్డులు పెట్టుకోండి.

మసకబొమ్మ
నేను ట్రైపాడ్ తీసుకెళ్ళాను. రాత్రి ఊరి దీపాలు తీద్దామని. ఒక్క దీపం కూడా దీపంలా రాలేదు, అన్నీ వానపాములే. ట్రైపాడ్ బాగా లేదని కొత్తది కూడా కొన్నాను.

లెక్కలపంతులు
ట్రైపాడ్ ఏం చేస్తుంది పాపం? అది నిలబడింది ఓడ మీద. 20 నాట్ల వేగం అంటే సెకనుకి 10 మీటర్లు. నాలుగు సెకన్లు షట్టర్ తెరిస్తే మీరు 40 మీటర్లు జరిగిపోయారు. ఓడ రేవులో ఆగి ఉన్నప్పుడు తీయాలి, లేదా ఐఎస్ఓ పెంచి చేత్తో.

మసకబొమ్మ
రెండో ట్రైపాడ్ కొనకముందు చెప్పాల్సింది.

పాతరీలు36
ఓడ ఫోటోల్లో అసలు అదృష్టవంతుడు ఫాదర్ ఫ్రాన్సిస్ బ్రౌన్. 1912లో టైటానిక్ ఎక్కి, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ దాకా తన కెమెరాతో డెక్‌నీ, జనాన్నీ తీశాడు. ఓడలో పరిచయమైన వాళ్ళు ముందుకి కూడా టికెట్ కొనిస్తామన్నారు. మతగురువుల పై అధికారి మాత్రం వెంటనే దిగమని కబురు పెట్టాడు. దిగాడు. ఆ ఓడ లోపలి జీవితం ఎలా ఉండేదో మనకి తెలుస్తున్నది చాలావరకు ఆయన ఫోటోల వల్లే.

కిటికీసీటు
బాబాయ్ గారూ, రెండు నెలల్లో ఓడ ఎక్కబోయేదానికి ఏం కథ చెప్పారండీ 🙏

సరే, తేలిపోయింది. టీజెడ్200. నాన్న కళ్ళు, 360 జూమ్. హాల్లో ఫోటోలు కొంచెం తగ్గినా పర్లేదు, 160కి 160 అమ్మ తింటూ ఉన్నవే. కొత్తది దొరకడం లేదు, వాడింది చూస్తున్నాను. కొనేముందు ఏం చూడాలి?

జేబునిండా
లోపల దుమ్ము. జూమ్ లోపలికీ బయటికీ వెళ్ళేటప్పుడు గాలితో పాటు దుమ్ముని కూడా పీల్చుకుంటుంది. సెన్సర్ మీద పడితే మనం తుడవలేం, విప్పాలి. తెల్ల గోడని ఎఫ్8లో, వైడ్‌లో ఒకటి, పూర్తి జూమ్‌లో ఒకటి తీసి పెద్దది చేసి చూడండి. నల్ల మచ్చలు ఉంటే వద్దు. పది సార్లు ఆన్ ఆఫ్ చేసి లెన్సు శబ్దం వినండి, కిర్రుమంటే వద్దు. ఫ్లాష్, వ్యూఫైండర్, కార్డు మూత.

రేవుదాకా
ట్రిప్‌కి నెల ముందే నాన్నగారి చేతికి ఇచ్చేయండి. ఓడ మీద నేర్పిస్తే నేర్చుకోరు, సిగ్గుపడతారు.

ఉప్పుగాలి
ఫోటో వెలుతురుని పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్ ఎక్కడుందో మాత్రం మీరు నేర్చుకోండి. తెల్లటి ఓడ, మంచు కొండ ఫ్రేము నిండా ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగు చేస్తుంది. ప్లస్ 0.7, ప్లస్ 1 పెడితే తెలుపు తెలుపుగా వస్తుంది. డాల్ఫిన్లకి షట్టర్ స్పీడ్ 1/1000, వరస ఫోటోల మోడ్. ముందు వైడ్‌లో చూసి, ఎక్కడ లేస్తున్నాయో పట్టుకుని, అప్పుడు జూమ్ చేయండి.

కిటికీసీటు
*(మూడు నెలల తర్వాత)*
వెళ్ళొచ్చాం. చెప్పకపోతే బావుండదని రాస్తున్నాను.

మూడో రోజు పొద్దున డాల్ఫిన్లు వచ్చాయి. కెమెరా నా దగ్గర లేదు, నాన్న మెడలో ఉంది. ఆయన వైడ్, జూమ్ అన్న పాఠాలేవీ పాటించలేదు. కన్ను పెట్టి, దొరికిన చోట నొక్కుతూనే ఉన్నారు. 212 ఫోటోలు. అందులో నాలుగు బావున్నాయి, ఒక దాంట్లో డాల్ఫిన్ మొత్తం గాల్లో ఉంది. అది మా హాల్లో ఫ్రేము కట్టి పెట్టాం. రేవుదాకా గారూ, నెల ముందే ఇచ్చాను, ఆ చక్రం ఆయనే తిప్పుకున్నారు, ట్రిప్ మొత్తం మీద నాకు కెమెరా దొరికింది రెండు పూటలు.

మిగతా సమయమంతా ఆయన తీసింది రేవులో ఓడని కట్టే తాళ్ళు. లావు తాళ్ళు, సన్న తాళ్ళు, ముడులు, వాటి మీద కూర్చున్న పక్షులు. 300 పైనే ఉన్నాయి. ఎందుకు నాన్నా అంటే "ఎంత నీటుగా చుట్టారో చూడు" అంటారు.

హాల్లో ఫోటోలు ఒక మాదిరి. జేబునిండా గారు చెప్పినట్టే, జీ7ఎక్స్ అయితే ఇంకా బాగా వచ్చేవేమో. జిప్‌లాక్ కవర్ ప్రతి పొద్దునా పెట్టాను, ఒక్కరోజు మర్చిపోయాను, ఆ ఒక్కరోజే ఇంద్రధనుస్సు వచ్చింది. స్నార్కెలింగ్‌కి పాత ఫోన్, పౌచ్. బకెట్ పరీక్ష పాసైంది, సముద్రంలో కూడా పాసైంది, బస్సులో పౌచ్ విప్పుతుంటే మావారి చేతిలోంచి నీళ్ళ సీసా ఒలికి ఫోన్ తడిచింది.

ఫోన్‌చాలు
ఐపీ68 అయ్యుంటే...

తడిచినచెప్పులు
టీజీ అయ్యుంటే...

పాతరీలు36
ఆ తాళ్ళ ఫోటోలు పెట్టమ్మా. మీ నాన్నగారు నా జట్టు మనిషిలా ఉన్నారు.

కిటికీసీటు
ఆయన్ని అడిగి పెడతాను బాబాయ్ గారూ. ఒక్క సందేహం, జేబునిండా గారికి. కొనేటప్పుడు తెల్ల గోడ పరీక్షలో ఏమీ లేదు. ఇప్పుడు చూస్తే చివరి రెండు రోజుల ఫోటోలన్నింటిలో ఆకాశం మీద కుడివైపు మూల ఒక నల్ల చుక్క ఉంది. బ్యాగ్‌లో కవర్ లేకుండా పడేసినట్టున్నారు నాన్న. ఇది లోపలి దుమ్మేనా?

జేబునిండా
దుమ్మే. సర్వీసుకి ఇవ్వాల్సిందే.

మసకబొమ్మ
తొందరపడకండి. మూడు నెలల కింద ఇలాంటి చుక్కనే డాల్ఫిన్ అన్నారు మీరు.